ఓడ పోయినా మిగిలేది

ఈ పూట ఒక కంప్యూటర్ ఆట గురించి మాట్లాడబోతున్నాను. పెద్దలు దయచేసి రేడియో కట్టేయకండి. మీ ఇంటి మాటే ఇది.

మొన్నామధ్య మా సంఘములోని ఒక యౌవనస్థుడు ఉదయాన్నే నా దగ్గరకు వచ్చాడు. ఇంజినీరింగ్ రెండవ సంవత్సరం. చాలాసేపు నేల చూపులు చూసి, "అయ్యగారూ, పరీక్ష ఫీజు డబ్బుతో ఓడ కొన్నాను. అది పోయింది" అన్నాడు. ఏ ఓడ నాయనా, మన ఊరికి సముద్రమే లేదు గదా అన్నాను.

ఆ ఆట పేరు ఈవ్ ఆన్‌లైన్. పేరు మన హవ్వ పేరే గాని, అది తోట కథ కాదు, అంతరిక్షపు కథ. ఐస్‌లాండ్ దేశంలోని సీసీపీ అనే సంస్థ 2003లో దానిని విడుదల చేసింది. వేలాది మంది ఒకే లోకంలో ఓడలు నడుపుతారు, వ్యాపారం చేస్తారు, యుద్ధాలు చేస్తారు. అసలు డబ్బు పెట్టి ప్లెక్స్ అనే సరుకు కొని, దానిని ఆటలో అమ్మి, ఆ సొమ్ముతో ఓడ కొనవచ్చు. మనవాడు చేసిందదే. చిన్న ఓడ మీద చేయి తిరగకముందే పెద్ద యుద్ధనౌక కొన్నాడు.

ప్రియులారా, ఇక్కడ గమనించండి. ఆ ఆటలో నావికుడికి శిక్షణ ఉంటుంది. ఒక్కొక్క విద్యకు అయిదు మెట్లు. మనం నిద్రపోయినా, కాలేజీకి వెళ్ళినా గడియారం ప్రకారం అది సాగుతూనే ఉంటుంది. సులువైన విద్యకు మొదటి మెట్టు 250 పాయింట్లయితే, అయిదవ మెట్టుకు చేరేసరికి 2,56,000 కావాలి. యుద్ధనౌక నడిపే విద్యలో ఆ చివరి మెట్టొక్కటే ఎక్కడానికి దాదాపు నెల పడుతుంది. ఓడలో కూర్చోవడానికి మొదటి మెట్టు చాలు. మనవాడు అంతే ఎక్కి కూర్చున్నాడు.

ఓడను కాపాడే విద్యలు వేరే ఉన్నాయి. రక్షణ కవచాన్ని పెంచే విద్య మెట్టుకు 5 శాతం చొప్పున అయిదు మెట్లకు 25 శాతం కలుపుతుంది. అది ఓడకు అంటుకొని ఉండదు, నావికుడిలో ఉంటుంది. చిన్న ఓడ ఎక్కినా, పెద్ద ఓడ ఎక్కినా వెంట వస్తుంది. వీడికి అవేవీ లేవు. రెండు చిన్న ఓడలు వచ్చి పారిపోకుండా పట్టుకొని చుట్టూ తిరిగాయి. పెద్ద ఫిరంగులు అంత దగ్గరగా, అంత వేగంగా తిరిగేవాటిని గురిపెట్టలేవట. ఏనుగు మీద ఎక్కి ఈగలను తోలినట్లయింది. ఓడకు బీమా ఉన్నా, అందులో బిగించిన సామగ్రికి ఉండదు.

2014 జనవరిలో ఆ ఆటలోనే 21 గంటలపాటు ఒక మహాయుద్ధం జరిగింది. ఒక ప్రాంతపు హక్కు కోసం కట్టవలసిన సొమ్ము సమయానికి కట్టకపోవడమే దానికి మూలం. టైటన్‌లనే అతి పెద్ద ఓడలు 75 ధ్వంసమయ్యాయి. అసలు డబ్బులో లెక్క కడితే మొత్తం నష్టం మూడు లక్షల డాలర్లని అంచనా వేశారు. అయితే ఓడలు పోయిన నావికుల విద్యలు పోలేదు. వేరే ఓడ ఎక్కితే చాలు.

విద్యను కూడా కొనవచ్చు గదా అని ఆ అబ్బాయే అన్నాడు. నిజమే, 2016 నుండి ఇతరుల పాయింట్లు కొనుక్కునే వీలు ఉంది. కాని ఎప్పుడు పారిపోవాలో, ఎవరిని నమ్మాలో ఆ పాయింట్లలో రాదు.

నాకు దావీదు గుర్తుకు వచ్చాడు. సౌలు తన కవచము తొడిగించాడు, శిరస్త్రాణము పెట్టాడు. రాజు సామగ్రి, ఖరీదుకు తక్కువేమీ కాదు. దావీదు నడవబోయి, అలవాటు లేదని తీసి పక్కన పెట్టాడు. అది తన వల్ల కాదని రాజుగారి ముఖం మీదే చెప్పగలిగాడు చూడండి, నాకు ఆ వడిసెల కంటె ఇదే పెద్దదిగా తోస్తుంది. మన పిల్లలకు మోటారుసైకిలు కొనిపెడతాం, పెద్ద కాలేజీలో సీటు కొంటాం. 'నాకింకా చేతకాదు నాన్నా' అనే మాట మాత్రం మన ఇళ్ళలో పలకనివ్వం.

"నాన్నకు మీరు చెప్పండి అయ్యగారూ" అని ఏడ్చాడు. వాళ్ళ నాన్న తాపీమేస్త్రీ. ఆ ఫీజు ఎన్ని రోజుల కూలియో నాకు తెలుసు.

"తోడు వస్తాను. చెప్పేది మాత్రం నువ్వే" అన్నాను.

సాయంత్రం ఇద్దరం వెళ్ళాం. ఆయన అప్పుడే పని నుండి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు. అబ్బాయి గుమ్మం దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. నేను నోరు విప్పలేదు. చివరికి వాడే, "నాన్నా, నీతో ఒక మాట చెప్పాలి" అన్నాడు.