భూకంపం తర్వాతి లిస్బన్

పోర్చుగల్ రాజధాని లిస్బన్, తేజూ నది అట్లాంటిక్ మహాసముద్రంలో కలిసే చోటికి దగ్గరలో, ఉత్తరపు ఒడ్డున కొండల మీద ఉంది. కొండలు ఏడని పాత లెక్క. వాటి మెట్లెక్కి దిగినవారెవరూ ఆ లెక్కను నమ్మరు. ఫినీషియన్ వర్తకులకు ఇది తెలిసిన రేవే. రోమన్లు దీన్ని ఒలిసిపో అన్నారు. ఎనిమిదో శతాబ్దం నుంచి నాలుగు వందల ఏళ్ళకు పైగా ముస్లిం పాలకుల చేతిలో ఉంది. 1147లో అఫోన్సో హెన్రిక్స్ రాజు, ఓడల మీద పవిత్రభూమికి వెళ్తున్న క్రూసేడర్లను దారిలో ఆపి, వాళ్ళ సాయంతో నగరాన్ని గెలుచుకున్నాడు. తర్వాతి శతాబ్దంలో ఇది రాజధాని అయింది.

లిస్బన్‌ దశ తిప్పినవి మన మిరియాలు. 1497 జూలైలో వాస్కో డ గామా ఓడలు నగర శివారులోని బెలేం నుంచి బయలుదేరి, మరుసటి ఏడాది మే నెలలో కాలికట్ చేరాయి. సుగంధద్రవ్యాల వ్యాపారం మీద వేసిన పన్నుతో మాన్యుయెల్ రాజు బెలేంలో జెరోనిమోస్ మఠం కట్టించడం మొదలుపెట్టాడు. దాని రాతి స్తంభాల మీద తాళ్ళు, సముద్రపు వింతలు చెక్కి ఉంటాయి. గామా సమాధి అందులోనే ఉంది. 1515లో గుజరాత్ సుల్తాను బహూకరించిన ఒక ఖడ్గమృగం కూడా ఓడలో ఇక్కడికి వచ్చింది. జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ దాన్ని కళ్ళారా చూడకుండానే, ఎవరో పంపిన వర్ణన, రేఖాచిత్రం ఆధారంగా బొమ్మ చెక్కాడు. యూరప్ చాలాకాలం ఆ బొమ్మనే నిజమనుకుంది.

1755 నవంబర్ 1, సకల పునీతుల పండుగ. ఉదయం తొమ్మిదిన్నర దాటాక, చర్చిలన్నీ కిటకిటలాడుతుండగా భూమి కంపించింది. కప్పులు కూలాయి. ప్రాణభయంతో నది ఒడ్డుకు పరుగెత్తినవారి మీద కాసేపటికి సునామీ విరుచుకుపడింది. చర్చిల్లో పడిపోయిన కొవ్వొత్తులు, ఇళ్ళలోని పొయ్యిలు అంటించిన మంటలు రోజుల తరబడి ఆరలేదు. రాజభవనం, దాని గ్రంథాలయం, ఏడు నెలల కిందటే తెరిచిన సంగీత నాటకశాల నాశనమయ్యాయి. మృతుల లెక్క ఇప్పటికీ తేలలేదు, పదుల వేలన్నది మాత్రం నిజం. బెలేంలో ఉండి ప్రాణాలతో బయటపడ్డ జోసే రాజు ఆ తర్వాత రాతి కప్పు కింద నిద్రపోవడానికి జంకి, గుడారాల్లోనూ కొయ్య భవనంలోనూ కాపురం పెట్టాడు.

రాజు జంకినా మంత్రి జంకలేదు. తర్వాత పొంబాల్ మార్కిస్‌గా పేరు పొందిన ఆయన రోగాలు ప్రబలకుండా శవాలను పడవల్లో సముద్రానికి పంపించాడు. దోపిడీదారులను ఉరితీయించాడు. కంపం ఎంతసేపు సాగింది, సముద్రం ముందు వెనక్కి తగ్గిందా పొంగిందా అంటూ దేశంలోని చర్చి మండలాలన్నింటికీ ప్రశ్నావళి పంపాడు. భూకంప శాస్త్రానికి తొలి అడుగుల్లో ఇది ఒకటి. పల్లంలో ఉన్న బైషా ప్రాంతంలో శిథిలాలు తొలగించి ఇంజినీర్లు తిన్నని వీధులు గీశారు. కంసాలుల వీధి, చెప్పులు కుట్టేవారి వీధి అంటూ వృత్తుల పేర్లే పెట్టారు. గోడల లోపల ఏటవాలు దూలాలు బిగించిన చెక్క పంజరం ఉంటుంది. భూమి ఊగితే కట్టడం కూలకుండా దానితోపాటు ఊగాలని ఆలోచన. నమూనా చుట్టూ సైనికులను కవాతు చేయించి పరీక్షించారని చెబుతారు. పొంబాల్ నిరంకుశుడు, క్రూరుడు కూడా. అయినా ఈ నగరం ఆయనకు రుణపడి ఉంది.

నగరపు పాత కోట కింది అల్ఫామా పేట మాత్రం భూకంపాన్ని చాలావరకు తట్టుకుంది. అందుకే అక్కడి సందులు ఇంకా పాతకాలపు మెలికలతోనే ఉన్నాయి. ఆ సందుల్లో ఫాదో పాటలు వినిపిస్తాయి, ఇళ్ళ గోడలకు రంగుల పింగాణీ పలకలు మెరుస్తాయి, పసుపు రంగు ట్రామ్‌లు మూలుగుతూ ఎత్తులెక్కుతాయి. కొండ మీది కార్మో చర్చిని పూర్తిగా పునర్నిర్మించలేదు. దాని కప్పులేని తోరణాల కింద ఇప్పుడు మ్యూజియం నడుస్తోంది.

ఆ చర్చిని ఆనుకుని ఉన్న పోలీసు దళం స్థావరంలోనే 1974 ఏప్రిల్ 25న నియంతృత్వ ప్రభుత్వాధినేత తిరుగుబాటు సైనికులకు లొంగిపోయాడు. జనం తుపాకీ గొట్టాల్లో కార్నేషన్ పూలు గుచ్చారు. 1966లో అప్పటి నియంత సాలజార్ పేరుతో తేజూ నది మీద తెరిచిన వంతెనకు ఆ తర్వాత ‘ఏప్రిల్ 25 వంతెన’ అని పేరు మార్చారు.