ఫోనులోని కొట్లు



మస్కట్‌లో మత్రా సూక్ మీలో చాలామంది చూసే ఉంటారు. అక్కడ లుబాన్ సాంబ్రాణి అమ్మే కొట్టు ఒకటి, వెండి నగల కొట్టు ఒకటి. ఎవరి కొట్టుకు వారిదే తాళం. మధ్యలో నడిచే దారి మాత్రం అందరిదీ.

మీ ఇంట్లోని ఫోను కూడా అటువంటి బజారే. అందులో ప్రతి యాప్‌కూ ఒక సొంత కొట్టు ఉంటుంది. ఒక యాప్ అందులో దాచుకొన్న ఫైళ్లను మరొక యాప్ తొంగి చూడడానికి వీలులేదు. ఫొటోలు, పాటలు ఉండే ఫోల్డర్లు ఉమ్మడి స్థలాలు. మీ ఫొటోలన్నీ చూడాలంటే యాప్ మీ అనుమతి అడగాలి. పూర్వం ఆండ్రాయిడ్ ఫోన్లలో ఒక్కసారి అనుమతిస్తే, ఆ యాప్ ఉమ్మడి స్థలమంతా తిరిగేది. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 నుండి దానికి హద్దులు పెడుతూ వచ్చారు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. యాప్‌ను తీసివేస్తే, దాని సొంత కొట్టు సరుకుతో సహా పోతుంది. ఊళ్లోని అమ్మమ్మ చెప్పిన కథను మీరు రికార్డు చేశారనుకోండి. ఆ ఫైలు యాప్ కొట్టులోనే ఉంటే, యాప్‌తోపాటు అమ్మమ్మ గొంతూ పోతుంది! ఉమ్మడి ఫోల్డరులో ఉంటే నిలుస్తుంది.

కనుక ఫోను అనుమతి అడిగినప్పుడు, అది ఎందుకో ఆలోచించండి. యాప్‌ను తీసివేసే ముందు ఫైలు ఎక్కడుందో చూడండి. విలువైనదానికి వేరొకచోట నకలు ఉంచండి. ఈ శుక్రవారం సెలవులో, అమ్మానాన్నల సహాయంతో, మీ అమ్మమ్మ గొంతు ఏ కొట్టులో ఉందో వెతికి చూస్తారు కదూ?