వంద కాపీలు వద్దు, వంద రకాలు కొనండి
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

పిల్లల చదువు గురించి మాట్లాడమన్నారు. మార్కుల గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను పాఠ్యపుస్తకం కాని పుస్తకం గురించి, అదీ పదేళ్ల లోపు పిల్లల గురించి చెబుతాను. దాతలకు నా మనవి ముందే చెప్పేస్తున్నాను. కథల పుస్తకాలు ఇచ్చేటప్పుడు ఒకే పుస్తకం వంద కాపీలు కొనకండి. వంద రకాలు కొనండి.

వంద కాపీలు కొంటే ధర తగ్గుతుంది, పంచడం సులువు, ఒకరికి ఎక్కువ ఒకరికి తక్కువ అన్న మాట రాదు. నోటు పుస్తకాలకూ బ్యాగులకూ అదే సరైన పద్ధతి. కథల పుస్తకం అలాంటి వస్తువు కాదు. నచ్చినవాడు నాలుగుసార్లు చదువుతాడు, నచ్చనివాడు ఫోటో దిగి ఇంటికెళ్లి అటక మీద పడేస్తాడు. అదే వంద రకాలు ఒక్క అలమరలో ఉంటే ప్రతి పిల్లకూ వంద పుస్తకాలు ఉన్నట్టే. మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పితామహుడైన ఎస్.ఆర్. రంగనాథన్ గారు 1931లో చెప్పిన ఐదు సూత్రాల్లో రెండు దీని గురించే. ప్రతి పాఠకుడికీ తన పుస్తకం దొరకాలి, ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు దొరకాలి.

మన ఉప్పాడ పిల్లలనే చూడండి. జాందానీ మగ్గం ఉన్న ఇంటి పిల్ల అక్షరాలు రాకముందే గళ్ల కాగితం మీది బుటా చూసి ఎన్ని గళ్లో లెక్కపెడుతుంది. అదీ చదవడమే. ఆ పిల్లకు బొమ్మల్లో వెతికే పుస్తకం, చిక్కుదారుల పుస్తకం ఇచ్చి చూడండి. వేటకు వెళ్లే ఇంటి పిల్లవాడికి రాజుగారి ఏడుగురు కొడుకుల కథ పట్టకపోవచ్చు. తిమింగలం ఎంత పొడవు, తుపాను ఎలా పుడుతుంది అంటే చెవులు నిక్కబొడుచుకుంటాడు. వాడు కథలు చదవడం లేదని బెంగపడే అమ్మలకు నేను చెప్పేది ఒకటే, వాడు చదువుతున్నాడు.

మన ఇళ్లలో ఇంకో సంగతి ఉంది. కొన్ని ఇళ్లలో ఉర్దూ, కొన్నింట్లో తెలుగే. బడిలో తెలుగు, ఇంగ్లీషు. మక్తబ్‌లో అరబీ అక్షరాలు, కుడి నుంచి ఎడమకు. ఏడేళ్ల పిల్ల మూడు లిపులతో కుస్తీ పడుతోంది. ఒకదానిలో గబగబా, మరొకదానిలో కూడబలుక్కుని చదువుతుంది. అలాంటి పిల్ల పుస్తకాన్ని వెనక నుంచి తెరిస్తే నవ్వకండి. తనకు ఏ లిపిలో హాయిగా ఉందో ఆ లిపిలోనే ముందు కథ చదవనివ్వండి. కొందరికి అసలు చదవడం కన్నా నానీ చదివి వినిపిస్తేనే ఇష్టం. విన్నాక ఆ పుస్తకాన్నే ఒంటరిగా తిరగేస్తారు.

ఇష్టం కనిపెట్టడం ఎలా అంటారా? చాప మీద ఇరవై పుస్తకాలు అట్టలు పైకి కనబడేలా పరచండి. ఏమీ చెప్పకండి. తీసిన పుస్తకం కన్నా, రెండోరోజు మళ్లీ వెతుక్కుని తీసిన పుస్తకం ముఖ్యం. సగంలో వదిలేస్తే వదిలేయనివ్వండి. ఫ్రెంచి రచయిత డానియల్ పెన్నాక్ 1992లో పాఠకుల హక్కులంటూ పది రాశాడు. పేజీలు దాటేయడం, మధ్యలో ఆపేయడం, చదివిందే మళ్లీ చదవడం అందులో ఉన్నాయి. పెద్దవాళ్లం మనం రోజూ పేపరు అలాగే చదువుతాం కదా!

ఎదుటివాడి ఇష్టాన్ని గౌరవించడం మాత్రం దానంతట అది రాదు, నేర్పాలి. "ఇంత పొడుగున్నావు, బొమ్మల పుస్తకమా?" "మగపిల్లాడివి, రాకుమారి కథా?" ఈ మాటలు పిల్లలకు మన నోటి నుంచే వెళ్తాయి. అందుకని అలమర దగ్గర ఒక్క నియమం పెట్టండి. "నాకు నచ్చలేదు" అనొచ్చు, "అది చెత్త పుస్తకం" అనకూడదు. వారానికోసారి ఒకడి పుస్తకం గురించి పక్కవాడు ఒక్క ప్రశ్న అడగాలి. చాలు.

2020లో మన ప్రభుత్వ బడుల్లో మొదలైన కార్యక్రమం పేరు "చదవడం మాకిష్టం". ఆ రెండో మాట నాకు నచ్చింది.

అలమర ఎప్పుడు తెరవాలన్నది చెప్పి ముగిస్తాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. దాదాపు అదే సమయానికి బడులకూ వేసవి సెలవులు. నాన్నలు ఇంటి పట్టున ఉంటారు, పిల్లలూ ఉంటారు. పుస్తకాలు ఏప్రిల్ మొదటి వారానికే చేరాలి. తాళం వేయకండి. చిరిగితే చిరుగుతాయి, అతికిద్దాం. రిజిస్టరులో పేరు, తేదీతో పాటు "మళ్లీ అడిగారా?" అని ఒక గడి పెట్టండి. వచ్చే ఏడాది కొనవలసిన జాబితా ఆ గడి చూసి రాసుకుందాం, ఇన్‌షా అల్లాహ్.

సెలవు.