గాయం అయ్యేదాకా ఆగాలా?

ఈరోజు పశువైద్య పట్టాలు అందుకుంటున్న మీకందరికీ అభినందనలు.

పశువును పట్టుకుపోయే అధికారం అనగానే మన ఊళ్లలో పెద్దవాళ్లకు ముందుగా గుర్తొచ్చేది బందెలదొడ్డి. 1871 నాటి చట్టం ప్రకారం చేలో పడి మేసిన గొడ్డును రైతు తానే పట్టుకోవచ్చు, 24 గంటల్లోగా దొడ్డికి తోలాలి. యజమాని జరిమానాతో పాటు మేత ఖర్చూ కట్టి విడిపించుకోవాలి, ఎవరూ రాకపోతే గొడ్డు వేలానికి పోతుంది. పట్టుకోవడానికి ముందు ఏ కోర్టు తీర్పూ అక్కర్లేదు. ఇది ఆస్తిహక్కు మీద దాడి అని ఊళ్లో ఎవరూ గోల చేయగా నేను వినలేదు. పంట కోసం ఇంత తేలిక దారి వేసిన చట్టం, ఆ గొడ్డు మేలు కోసమే దాన్ని పట్టుకోవాల్సి వచ్చినప్పుడు మాత్రం ఎందుకు నీళ్లు నములుతోంది?

జంతువుల పట్ల క్రూరత్వ నివారణకు మనకు 1960 చట్టం ఉంది. దాని 34వ సెక్షన్ ప్రకారం కానిస్టేబుల్ కంటే పై హోదా పోలీసు అధికారి గానీ, రాష్ట్ర ప్రభుత్వం అధికారమిచ్చిన మనిషి గానీ, నేరం జరిగిందనో జరుగుతోందనో నమ్మే కారణం ఉంటే జంతువును స్వాధీనం చేసుకుని మేజిస్ట్రేటు ముందో పశువైద్యాధికారి ముందో పెట్టవచ్చు. తిండీ నీళ్లూ పెట్టకపోవడం కూడా 11వ సెక్షన్ కింద నేరమే. మొదటిసారి నేరానికి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. దాంతో ఇవాళ గడ్డిమోపు కూడా రాదు. అందరూ ఈ జరిమానా గురించే మాట్లాడుకుంటారు కానీ, నాకు కనిపించే అసలు లోటు వేరు. యజమాని ఇంట్లోనే ఉన్నా పాక వైపు రావడం లేదనుకోండి. తొట్టిలో నీళ్లు అడుగంటాయి, వామి ఖాళీ అయింది, గేదె మాత్రం ఇంకా నిలబడే ఉంది. నాలుగు రోజుల తర్వాత అది నేరమవుతుందని ఎవరైనా చెప్పగలరు. ఈరోజు కట్టు విప్పి తోలుకుపోవడానికి మాత్రం 34వ సెక్షన్‌లో స్పష్టమైన ఆధారం దొరకదు.

ఇంగ్లండు, వేల్స్‌లకు 2006లో వచ్చిన జంతు సంక్షేమ చట్టం ఈ చిక్కును ఒక్క వాక్యంతో విప్పింది. జంతువు బాధపడుతోందని గానీ, ఉన్న పరిస్థితులు మారకపోతే బాధపడే అవకాశం ఉందని గానీ పశువైద్యుడు ధ్రువీకరిస్తే, ఇన్‌స్పెక్టరో పోలీసో దాన్ని స్వాధీనం చేసుకోవచ్చు. వైద్యుడు వచ్చేదాకా ఆగలేని అత్యవసరంలో ధ్రువపత్రం లేకుండానే తీసుకెళ్లవచ్చు. 2008 జనవరిలో బకింగ్‌హామ్‌షైర్‌లోని అమర్‌షామ్ దగ్గర స్పిండిల్స్ ఫామ్ అనే చోట, కళేబరాల మధ్య నుంచి 100కు పైగా గుర్రాలను, పోనీలను, గాడిదలను తరలించారు. అలాంటి చోట ఇంకా ఒళ్లు చెడని జంతువు ఒకటి ఉంటే, దాని డొక్కలు తేలేదాకా అక్కడే ఉంచుదామని ఏ వైద్యుడు అంటాడు?

ఇలాంటి అధికారం మన చట్టంలోనూ ఉండాలంటే గట్టి అభ్యంతరాలే ఉన్నాయి. మొదటిది దుర్వినియోగం. మన దగ్గర 2017లో వచ్చిన నిబంధనలు, కేసు తేలకముందే పశువులను గోశాలలకు అప్పగించి, పోషణ ఖర్చు యజమాని నెత్తిన వేశాయి. గేదెల వ్యాపారులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. శిక్ష పడ్డాకే యాజమాన్యం తీసేయవచ్చంటున్న 1960 చట్టం 29వ సెక్షన్‌కు ఇవి విరుద్ధమని 2021 జనవరిలో కోర్టు కేంద్రానికి చెప్పింది. ఆ వ్యాపారుల భయాన్ని నేను తేలిగ్గా కొట్టిపారేయను. దారి కాసి లారీలు ఆపే గుంపుల చేతికి ‘బాధపడే అవకాశం’ అనే మాట దొరికితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. అయితే ఆ భయానికి మందు అధికారాన్ని ఎత్తేయడం కాదు, విడగొట్టడం. పట్టుకునేవారు, ధ్రువీకరించేవారు, సాకేవారు ముగ్గురూ వేరువేరుగా ఉండాలి. ఇంగ్లండు చట్టంలో జంతువును ఏం చేయాలో చివరికి తేల్చేది మేజిస్ట్రేటు కోర్టు. దాని విలువ పడిపోకుండా, ఖర్చు పెరిగిపోకుండా చూడటం కూడా ఆ కోర్టు గమనించాల్సిన విషయమని చట్టమే రాసింది. యజమాని తరఫున కూడా ఆలోచించిన చట్టం అది.

రెండో అభ్యంతరం పేదరికం. కరువులో మేత కొనలేని రైతు క్రూరుడు కాడు, నిజమే. అందుకే స్వాధీనం మొదటి మెట్టు కాకూడదు. ఏం లోపించింది, ఏం చేయాలి, ఏ తేదీలోగా అని రాసిచ్చే నోటీసు ఇంగ్లండులో ఉంది. మన దగ్గర దానికి పశుగ్రాస శిబిరం చిరునామా కూడా జోడించాలి. యజమాని శిక్షార్హుడా కాదా అన్నది ఒక ప్రశ్న, ఈ పశువును ఇక్కడ ఇంకా ఉంచవచ్చా అన్నది మరో ప్రశ్న. మన చట్టం రెండింటికీ ఒకే ముడి వేసింది కాబట్టే, రైతును నేరస్థుడిని చేయడం ఇష్టంలేని అధికారి పశువును కూడా వదిలేసి వెళ్లిపోతున్నాడు.

మరి ‘అవకాశం’ అనేది వట్టి అంచనా కాదా? ఏ వ్యాధికైనా మీరు చెప్పబోయేది అలాంటి అంచనానే. తేడా ఏమిటంటే ఇక్కడ ఎదుటి వకీలు దాన్ని ప్రశ్నిస్తాడు. ధ్రువపత్రంలో ‘పశువు నీరసంగా ఉంది’ అని రాస్తే ఆ కాగితం నిలవదు. డొక్కల మీద కండ ఎంత, మెడ మీది కాడి పుండు ఎంత వెడల్పు, చర్మం పట్టి వదిలితే ఎంతసేపటికి సర్దుకుంది, మేత ఎన్ని రోజులకు సరిపోతుంది, పాకలో నీడ ఎంతమేర ఉంది అనేవి రాయాలి, ఫొటో తీసి తేదీ వేయాలి. పశువును చేర్చబోయే గోశాలలో ఎన్నింటికి చోటుంది, ఇప్పటికే ఎన్నున్నాయి అన్నది కూడా అదే కాగితంలో అడుగున రాయండి. చట్టం అడగకపోయినా, మేజిస్ట్రేటు చదువుతారు.