ఠాణాలోని మాట, పెద్దల సంతకము

(యాగంటి క్షేత్రమున మన సంఘ వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



సంఘమనగా విద్యార్థి వేతనములును సత్రనిర్మాణములును మాత్రమే కాదు. మనవాడొకడు ఠాణాకు పిలువబడిననాడు అతని యింటివారు ముందుగా పరుగెత్తి వచ్చునది మన పెద్దల యొద్దకే. అప్పుడు పెద్దలు తరచుగా చెప్పుమాట, "అడిగినదానికెల్ల ఒప్పుకొని సంతకము పెట్టి రమ్ము, తరువాత చూచుకొందము" అని. ఈ హితవు చట్టసమ్మతము కాదని మనవిచేయుటకే నిలిచితిని.

తర్కశాస్త్రమున శబ్దము ప్రమాణమగుటకు చెప్పువాడు ఆప్తుడు కావలెను. భయముచే పలికించిన పలుకు ఆప్తవాక్యమెట్లగును? ఈ సూక్ష్మమునకు సన్నిహితమైన నియమమును మన తెలుగువారి వ్యాజ్యమొకటి దేశమునకంతకు స్థిరపరచినది. 1937 మార్చిలో పిఠాపురమునుండి బరంపురమునకు బయలుదేరిన యొకని కళేబరము పూరీలో రైలునందు ఇనుపపెట్టెలో దొరకెను. బరంపురమున నివసించు పాకాల నారాయణస్వామిపై హత్యానేరము మోపబడెను. మృతుడు తన యింటికి వచ్చి, బసచేసి, పిమ్మట వెడలిపోయెనని అతడు నిర్బంధమునకు ముందే పోలీసులకు చెప్పియుండెను. దర్యాప్తులో పోలీసునకు చెప్పినమాటను, చెప్పినవాడు పిదప ముద్దాయియైనచో, అతనిపై సాక్ష్యముగా గొనరాదని 1939లో ప్రివీ కౌన్సిలు తీర్పుచెప్పెను. అయినను అతనికి శిక్ష తప్పలేదు. తక్కిన సాక్ష్యమే చాలినది. ఇట్టి నియమములు దోషులను విడిపించునని వగచువారు ఈ సంగతిని గమనింపవలెను.

ఇచ్చటి బసవన్న మెల్లమెల్లగా పెరుగుచున్నాడని ప్రతీతి గదా! ఈ రక్షణలును అట్లే పెరిగినవి. 1950 జనవరి 26న అమలునకు వచ్చిన రాజ్యాంగము, ముద్దాయిని తనపై తానే సాక్ష్యమిమ్మని నిర్బంధింపరాదని 20వ అధికరణమున విధించెను. నిర్బంధకారణమును తెలుపవలెననియు, వకీలును సంప్రదింపనీయవలెననియు, ప్రయాణకాలము మినహా 24 గంటలలో మేజిస్ట్రేటు ఎదుట నిలుపవలెననియు 22వ అధికరణము శాసించెను. ఆ మౌనరక్షణ న్యాయస్థానమునందే కాక ఠాణాలోని విచారణయందును వర్తించునని 1978లో నందినీ శత్పథీ వ్యాజ్యమున సర్వోన్నత న్యాయస్థానము తేల్చినది. 1996లో డి.కె. బసు వ్యాజ్యమున నిర్బంధవిధానమునకు కట్టుబాట్లను ఏర్పరచినది.

ఇక 2024 జూలై 1నుండి అమలులోనున్న నాగరిక సురక్షా సంహితనుబట్టి మూడు సంతకముల మాట చెప్పెదను.

మొదటిది వాఙ్మూలము. దర్యాప్తులో పోలీసులు వ్రాసికొన్న వాఙ్మూలముపై చెప్పినవాడు సంతకము చేయనక్కరలేదు. చేయింపరాదనియే 181వ సెక్షను. తనపై నేరము తెచ్చు ప్రశ్నకు బదులీయకుండ నుండవచ్చును.

రెండవది నిర్బంధపత్రము. దానిపై ఇంటివారొకరో, ఆ ప్రాంతపు గౌరవనీయుడొకడో సాక్షిసంతకము చేయవలెను. తేదీయు వేళయు సరిగానున్నవో లేవో చూచి చేయుడు. ఆ గడియనుండియే 24 గంటల లెక్క నిలుచును.

మూడవది సోదా జాబితా. ఆ ప్రాంతపు ఇరువురు నిష్పక్షపాతులు సోదాను కన్నులార చూచి, దొరికిన వస్తువుల పట్టికపై సంతకము చేయవలెను. ఇంటివానికి దాని ప్రతి ఈయవలెను. సోదాను దృశ్యశ్రవణ రూపమున చిత్రీకరింపవలెనని 105వ సెక్షను నూతనముగా విధించినది. తెల్లకాగితముపై సంతకమడిగినచో వినయముగా నిరాకరింపుడు.

చూచితిరా! చేయరానిచోట మనవానిచేత చేయించుచున్నాము. చూచి చేయవలసినచోట మనము చూడకయే చేయుచున్నాము. పోలీసువారు మనకు పగవారు కారు. దొంగను పట్టుట వారి ధర్మము. ఆ ధర్మము గట్టుదాటకుండ కాచుటకై శాసనము పిలిచిన సాక్షులము మనము. సొంతకులమువాడని దోషిని దాచుటయు, పరకులమువాడని నిర్దోషిని విడిచిపెట్టుటయు సమానపాపములే. వీధిలో ఎవ్వరి యింట సోదా జరిగినను ఈ సాక్ష్యధర్మమొక్కటే.

ప్రతి గ్రామశాఖయందును ఇద్దరేసి విద్యావంతులు ఈ మూడు విషయములను నేర్చి, అక్షరము రానివారికి నేర్పవలెనని ప్రార్థించుచు విరమించుచున్నాను.