పాత పటములో మడికొండ చెరువులు

మడికొండ మెట్టుగుట్ట ఎక్కి, సర్వే ఆఫ్ ఇండియావారు మైలునకు అంగుళము చొప్పున వేసిన పాత పటమును పరచి చూచితిమి. గుట్టలచుట్టును గోధుమవన్నె గీతలు. గీతకును గీతకును 50 అడుగుల ఎత్తు తేడా. వాననీరు ఏ చెరువు చేరునో ఆ గీతలే చెప్పును. కాకతీయులనాటి గొలుసుకట్టు మర్మ మదియే: పైచెరువు అలుగు పారిన క్రిందిచెరువు నిండును.

పటములో నీరున్న చెరువు నీలము. ఎండినదానికి నల్లని గీత మాత్రమే. అట్టిదానిని బీడనుకొని ఇండ్లు కట్టినవారు కలరు. వాన పాతదారి మరువదు. 2020 ఆగస్టులో వరంగల్లు వీధులు మునిగినవి. 2017లో ఆ సంస్థయే కొత్త పటములను అంతర్జాలములో ఉచితముగా ఉంచినది. ఇల్లు కట్టబోవువారు రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూతురు గాక.