టాకీల కంటే 20 ఏళ్ల ముందే మాట్లాడిన బొమ్మ: రఘుపతి వెంకయ్య గారి క్రోనో మెగాఫోన్

ముదిగుబ్బ నుంచి మళ్ళీ వచ్చేశాను. వెనకాల గర్రుమని చప్పుడొస్తోంది కదా, అది పక్క చేన్లో బోరు బండి. వాళ్ళను ఆపమనే ధైర్యం నాకు లేదు. కాబట్టి ఈ ఎపిసోడ్‌కి అదే బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ అనుకోండి.

ఈ రోజు ఒక మిషన్ గురించి మాట్లాడుకుందాం. ఒక మిషన్, దాన్ని తయారుచేసిన ఒక ఫ్రెంచ్ ఆయన, దాన్ని కొనడానికి నడుస్తున్న వ్యాపారాన్ని తాకట్టు పెట్టిన ఒక తెలుగాయన.

తెలుగాయన పేరు మీరు వినే ఉంటారు, రఘుపతి వెంకయ్య నాయుడు గారు. తెలుగు సినిమా పితామహుడు అంటాం. 1980 నుంచి నంది అవార్డుల్లో ఆయన పేరు మీద ఒక అవార్డు కూడా ఇచ్చారు. టీవీలో ఆ పేరు వినిపిస్తుంది, చప్పట్లు కొడతారు, శాలువా కప్పుతారు. అసలు ఆయన చేసిందేంటి అని అడిగితే మాత్రం చాలామంది 'మొదటి సినిమా తీశారు కదా' అంటారు. అది పూర్తిగా నిజం కాదు. ఆయన తీసినదాని కంటే చూపించినది పెద్ద కథ. నాకు మాత్రం అందులో బాగా నచ్చింది ఆ మిషనే. ఇంజనీరింగ్ చదివినోడి బుద్ధి, ఏం చేస్తాం.

కొంచెం వెనక్కి వెళ్దాం. సినిమా ముందు మూగగా పుట్టి, తర్వాత మాటలు నేర్చుకుందని అనుకుంటాం కదా. కనిపెట్టినవాళ్ళు మాత్రం మొదటి రోజు నుంచే మాటల కోసమే చూశారు. ఎడిసన్ 1877లోనే ఫోనోగ్రాఫ్ చేశాడు. చెవికి ఫోనోగ్రాఫ్ చేసిన పని కంటికి చేసే మిషన్ కావాలనేదే ఆయన మొదటి ఆలోచన. ఆయన దగ్గర పనిచేసిన డిక్సన్ ఆ పని మీద కూర్చుని కైనెటోస్కోప్ తయారుచేశాడు. 1894లో న్యూయార్క్‌లో అది జనాల ముందుకొచ్చింది. ఒక పెట్టె, దానికో కన్నం, ఒక్కొక్కరే వంగి చూడాలి. మరుసటి ఏడాది అదే పెట్టెలో ఫోనోగ్రాఫ్ పెట్టి, చెవుల్లో గొట్టాలు పెట్టుకుని వినమన్నారు. బొమ్మ ఒకవైపు, పాట ఒకవైపు. రెండింటికీ పొత్తు కుదిర్చే ఏర్పాటే లేదు. ఏదో డాన్స్ నడుస్తుంటే ఏదో బ్యాండ్ మోగేది, అంతే.

ఈ లోపల లూమియర్ సోదరులు 1895 డిసెంబర్ 28న పారిస్‌లో తెర మీద బొమ్మ వేసి, టికెట్ పెట్టి జనానికి చూపించారు. ఆరు నెలలు తిరగ్గానే, 1896 జులై 7న, బొంబాయి వాట్సన్ హోటల్లో అదే షో. ఇదంతా మీకు తెలిసిందే, ముందుకెళ్దాం.

లియాన్ గోమోన్. పారిస్‌లో కెమెరాలు, ఫోటో సామాన్లు అమ్మే కంపెనీ ఆయనది. 1902లో ఆయన క్రోనోఫోన్ అనే మిషన్ చూపించాడు. బొమ్మకు ప్రొజెక్టర్, పాటకు గ్రామఫోన్, రెండూ ఒకే వేగంతో తిరగాలి. వినడానికి సింపుల్‌గానే ఉంది కదా? లెక్క వేసి చూడండి. ఒక గ్రామఫోన్ రికార్డు సుమారు నాలుగు నిమిషాలు వస్తుంది. నిమిషానికి 78 చుట్లు. అందులో నూటికి ఒక్కటి తేడా వచ్చిందనుకోండి, అంటే నిమిషానికి ముప్పావు చుట్టు. కంటికి కనపడదు అది. కానీ నాలుగు నిమిషాలు అయ్యేసరికి పాటకూ పెదవులకూ మధ్య 2.4 సెకన్ల ఎడం. అప్పుడు సెకనుకు సుమారు 16 ఫ్రేములు, ఒక్కో ఫ్రేము 62 మిల్లీసెకన్లు. ఈ రోజు ప్రసార రంగంలో వాడే కొలతల ప్రకారం, మాట బొమ్మ కంటే 45 మిల్లీసెకన్లు ముందొచ్చినా, 125 మిల్లీసెకన్లు వెనకపడినా చూసేవాళ్ళకు తెలిసిపోతుంది. అంటే రెండు ఫ్రేముల తేడా వచ్చిందంటే దొరికిపోయినట్టే. వీడియో ఎడిట్ చేసేవాళ్ళకు ఈ బాధ తెలుసు. మౌస్‌తో ఆడియోను ఇటు జరుపుతాం, అటు జరుపుతాం. గోమోన్ దగ్గర మౌస్ లేదు.

మరి ఏం చేశాడు? ప్రొజెక్టర్‌కు ఒక కరెంటు మోటారు, గ్రామఫోన్‌కు ఒక కరెంటు మోటారు. రెండూ ఒకే సైజు, రెండింటికీ ఒకే కరెంటు. ఆ రెండు మోటార్ల లోపల తిరిగే భాగాలను వైర్లతో భాగం భాగంగా కలిపేశాడు. దాంతో ఒకటి ముందుకు ఉరకబోతే రెండోది పట్టి లాగుతుంది. కాడికి కట్టిన రెండు ఎద్దుల్లాగా అన్నమాట. అయినా తేడా వస్తే సరిచేయడానికి ఆపరేటర్ చేతికి ఒక కంట్రోల్ ఇచ్చాడు. దానికి ఆయన పెట్టిన పేరు నాకు భలే నచ్చింది, 'ఆర్కెస్ట్రా నాయకుడు' అని. షో నడుస్తున్నంతసేపూ ఆపరేటర్ కన్ను తెర మీద, చెవి పాట మీద, చెయ్యి ఆ కంట్రోల్ మీద.

రెండో సమస్య చప్పుడు. మైకు, ఆంప్లిఫయర్, స్పీకర్ ఏమీ లేవు. గ్రామఫోన్ బూరకు ఎంత గొంతు ఉందో అంతే. నలుగురు కూర్చునే గదికి సరిపోతుంది, హాలుకు ఎట్లా? దీనికి గాలిని వాడారు. సూది రికార్డు మీద కదిలినప్పుడు నేరుగా పొరను ఊపడం కాకుండా, ఒక చిన్న వాల్వును తెరిచి మూస్తుంది. ఆ వాల్వు గుండా ఒత్తిడి పెట్టిన గాలి బూరలోకి కొడుతుంది. అంటే పాట సూదిది, బలం కంప్రెసర్‌ది. ట్రాన్సిస్టర్ చేసే పని కూడా ఇదే కదా! చిన్న సిగ్నల్ పెద్ద శక్తిని నడిపిస్తుంది. కరెంటు బదులు గాలి, అంతే తేడా. ఇట్లా గొంతు పెంచిన క్రోనోఫోన్‌కే క్రోనో మెగాఫోన్ అని పేరు.

ఇంకొక ముచ్చట చెప్పి మద్రాసు వెళ్దాం. ఈ మిషన్ కోసం గోమోన్ కంపెనీ చిన్న చిన్న పాటల ఫిల్ములు తీసింది. వాటిలో వందకు పైగా డైరెక్ట్ చేసింది ఆలిస్ గీ అనే ఆవిడ. పద్ధతి ఏంటంటే, ముందు పాట రికార్డు చేసేవాళ్ళు. తర్వాత సెట్లో ఆ రికార్డు మోగిస్తుంటే, నటులు పెదవులు కదిపేవాళ్ళు, కెమెరా తిరిగేది. గుర్తుపట్టారా? మన సినిమాల్లో పాటల షూటింగ్ ఇప్పటికీ ఇట్లాగే. మన మొదటి టాకీల్లో నటులే కెమెరా ముందు నిలబడి పాడుకున్నారు, ప్లేబ్యాక్ తర్వాత నేర్చుకున్నాం. పారిస్‌లో అది 1900ల మొదట్లోనే చేసేశారు.

సరే, మద్రాసు. వెంకయ్య గారిది మచిలీపట్నం. మద్రాసు వెళ్ళి ఫోటోగ్రఫీ నేర్చుకుని, మౌంట్ రోడ్డులో సొంత స్టూడియో పెట్టుకున్నారు. ఆ రోజుల్లో మౌంట్ రోడ్డులో ఫోటో స్టూడియో అంటే కాలు మీద కాలు వేసుకుని బతికే బతుకు. 1910 ప్రాంతంలో ఈ క్రోనో మెగాఫోన్ సంగతి ఆయన చెవిన పడింది. ధర 30,000 రూపాయలని చెబుతారు. స్టూడియో తాకట్టు పెట్టి కొన్నారు.

ఈ 30,000 అంటే ఎంతో అర్థం కావాలంటే ఇంకో చిన్న లెక్క. అప్పుడు ఒక బంగారు సవరను, మన ఇళ్ళల్లో కాసు అంటాం కదా, 15 రూపాయలు. 30,000 అంటే 2,000 కాసులు. కాసు ఎనిమిది గ్రాములు. మొత్తం 16 కిలోల బంగారం. ఒక మిషన్ కోసం!

మా వైపు వాళ్ళకు ఈ నిర్ణయం వేరేగా వినిపిస్తుంది. ఇక్కడ ఇంట్లో బంగారం తాకట్టు పెట్టి బోరు వేయిస్తారు. నీళ్ళు పడితే చీనీ తోట, పడకపోతే అప్పు. 500 అడుగులకు పడలేదంటే 600 పోనీ అంటారు. అందుకే 'పేషన్‌తో రిస్క్ తీసుకున్నాడు' అని మనం ఈజీగా అనే మాట నేను వెంకయ్య గారికి వాడను. తాకట్టు పెట్టిన ఇంట్లో ఆ రాత్రి ఎవరూ పేషన్ గురించి మాట్లాడుకోరు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి ఈ ఛానల్ పెడతానంటే మా నాయన అడిగింది ఒక్కటే: 'నెల తిరిగితే అసలు మాట అట్లుంచు, వడ్డీకైనా వస్తుందా?' నేను కొన్నది ఒక కెమెరా, రెండు మైకులు. వెంకయ్య గారి ముందు నాది లెక్కలోకి రాదు.

పైగా ఆయన కొన్నది పూర్తయిన మిషన్ కూడా కాదు. దానికి మూడు గట్టి హద్దులున్నాయి. ఒకటి, ఏ పాటైనా నాలుగు నిమిషాల్లో అయిపోవాలి, కథ చెప్పడానికి చోటు లేదు. రెండు, ఫిల్ము తెగిందంటే గొడవ. తెగినచోట రెండు ఫ్రేములు కత్తిరించి అతికిస్తే బొమ్మ నడుస్తుంది, కానీ రికార్డులో ఆ రెండు ఫ్రేముల పాట అట్లాగే ఉంది. అక్కడి నుంచి చివరిదాకా పెదవులు ముందు, మాట వెనక. మూడు, ఫిల్ములన్నీ బయటి దేశాలవి. తెలుగు మాట ఒక్కటీ లేదు.

ఇంత ఉన్నా ఆయన మద్రాసు విక్టోరియా పబ్లిక్ హాల్లో షోలు వేశారు. తర్వాత మిషన్‌ను కట్టుకుని ఊళ్ళు పట్టారు. బెంగళూరు, ఆపైన సముద్రం దాటి సిలోన్, బర్మా. రంగూన్‌లో అప్పటికే పని కోసం ఓడలెక్కి వెళ్ళిన తెలుగువాళ్ళు వేలల్లో ఉన్నారు. మోటార్లు, బూరలు, కంప్రెసర్, రికార్డులు, ఫిల్ము డబ్బాలు ఓడలో ఎక్కించడం, దించడం, కొత్త ఊళ్ళో హాలు మాట్లాడుకోవడం, మళ్ళీ ఆ రెండు మోటార్లను కాడికి కట్టడం. గోమోన్ ఆ మిషన్‌ను పారిస్‌లో చేశాడు. రంగూన్‌లో దాన్ని పనిచేయించే బాధ కొన్నాయనది. కనిపెట్టినవాళ్ళ పేర్లు పుస్తకాల్లో ఉంటాయి, ఈ రెండో పని చేసినవాళ్ళవి చాలాసార్లు ఉండవు. మన పక్కనే తిరుచ్చిలో రైల్వేలో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసిన సామికణ్ణు విన్సెంట్ కూడా 1905లో ఒక ఫ్రెంచ్ ఆయన దగ్గర ప్రొజెక్టర్ కొని డేరా వేసుకుని తిరిగాడు. మా జేజి వాళ్ళు చూసిన టూరింగ్ టాకీసులు కూడా ఈ దారిలో వచ్చినవే.

ఊళ్ళు తిరిగి వచ్చాక వెంకయ్య గారు చేసిన పని, నా లెక్కలో, మిషన్ కొనడం కంటే తెలివైనది. మాటల బొమ్మను వదిలేసి హాలు కట్టారు. 1914లో మద్రాసులో గెయిటీ థియేటర్. ఆ ఊళ్ళో ఒక భారతీయుడు కట్టించిన మొదటి సినిమా హాలు అది. తర్వాత మింట్ స్ట్రీట్‌లో క్రౌన్, పురసవాక్కంలో గ్లోబ్. అమెరికా, బ్రిటిష్ మూగ సినిమాలు వేసేవాళ్ళు. కొత్త వింత మొదటి నెల జనాన్ని తెస్తుంది, రెండో నెల రాదు. రోజూ కొత్త బొమ్మ వేసే ఒక చోటు ఉంటే వస్తారు. ఒక్కసారి అమ్ముడుపోయే సాఫ్ట్‌వేర్‌కూ నెలనెలా సబ్‌స్క్రిప్షన్‌కూ ఉన్న తేడా అనుకోండి.

హాళ్ళు నడుస్తున్నాయి కదా అని ఊరికే కూర్చోలేదు. కొడుకు ప్రకాష్‌ను సినిమా తీయడం నేర్చుకోమని ఇంగ్లండ్ పంపారు. ఆయన తిరిగొచ్చాక స్టార్ ఆఫ్ ది ఈస్ట్ అని కంపెనీ పెట్టి, పగటి వెలుతురు లోపలికొచ్చేలా అద్దాల స్టూడియో కట్టి, 1921లో భీష్మ ప్రతిజ్ఞ తీశారు. మూగ సినిమా. డైరెక్టర్ ప్రకాష్ గారే, భీష్ముడూ ఆయనే. గంగ వేషానికి పెగ్గీ కాస్టెల్లో అనే ఆమెను తెచ్చారు. మన ఆడవాళ్ళు కెమెరా ముందుకు రాని రోజులు మరి. తర్వాత తెలుగు సినిమాలో పెద్ద పేరైన సి. పుల్లయ్య గారు పని నేర్చుకున్నది ప్రకాష్ గారి దగ్గరే.

ఆ కంపెనీ ఎక్కువ కాలం నిలవలేదు. ప్రకాష్ గారు తర్వాత వేరేవాళ్ళ కంపెనీలకు డైరెక్ట్ చేశారు. గెయిటీ భవనం కూడా ఇప్పుడు లేదు.

మరి ఆ మాటల సమస్య ఏమైంది? 1927లో అమెరికాలో జాజ్ సింగర్ వచ్చింది. అదీ రికార్డు మీదే, గోమోన్ దారే. కానీ రికార్డు పెద్దది, వేగం 33 చుట్లకు తగ్గించారు, 11 నిమిషాలు వచ్చేది. గాలి బదులు వాక్యూమ్ ట్యూబు ఆంప్లిఫయర్. అంటే మూడు హద్దుల్లో ఒకటి సడలింది, చప్పుడు సమస్య తీరింది. ఫిల్ము తెగితే మాత్రం మళ్ళీ అదే గొడవ. దాని కోసం తెగినచోట పోయినన్ని ఫ్రేములు లెక్కపెట్టి నల్ల ఫిల్ము అతికించేవాళ్ళు. 1931 మార్చి 14న బొంబాయిలో ఆలం ఆరా వచ్చేసరికి మాటను ఫిల్ము అంచునే అచ్చువేశారు. బొమ్మ, మాట ఒకే పట్టీ మీద ఉన్నాయి. తెగితే రెండూ కలిసే తెగుతాయి, అతికిస్తే రెండూ కలిసే అతుకుతాయి. రెండు మోటార్లు, కాడి, ఆర్కెస్ట్రా నాయకుడు, ఏవీ అక్కర్లేదు.

ఆ తర్వాత హెచ్.ఎం. రెడ్డి గారు భక్త ప్రహ్లాద తీశారు. 1932 ఫిబ్రవరి 6న విడుదల. తెర మీద పూర్తిగా తెలుగు మాట వినపడింది అప్పుడు. క్రోనో మెగాఫోన్ కొని అప్పటికి ఇరవై ఏళ్ళు దాటింది. వెంకయ్య గారు 1941 దాకా ఉన్నారు.

వచ్చే ఎపిసోడ్‌లో టూరింగ్ టాకీస్ ప్రొజెక్టర్‌ను విప్పి లోపల ఏముందో చూపిస్తాను. ధర్మవరంలో ఒక ఆయన దగ్గర ఉందట, ఇస్తానన్నారు. బోరు బండి చప్పుడు ఆగినట్టుంది. నీళ్ళు పడ్డాయో లేదో చూసొస్తా. ఉంటాను.